నూటయాభై అడుగుల బీటు

ఏటూరునాగారం
ఫిబ్రవరి 9

చెల్లె సరోజనకు అబ్బాస్ సలాం.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నీ పెనిమిటి పండరి నవ్వుతాడు, నవ్వనీ. మా బిడ్డ సబియాకు ఇచ్చిన దవాఖాన క్వార్టర్లో ఫోన్ సిగ్నల్ లేదు. సిగ్నల్ కావాలంటే దవాఖాన మెట్లెక్కి నిలబడాలి. అక్కడ జ్వరాలవాళ్ళు, బాలింతలు, వాళ్ళ చుట్టాలు అందరూ ఉంటారు. ఇది వాళ్ళ మధ్య నిలబడి అరిచి చెప్పే సంగతి కాదు. పైగా రైల్వేలో ముప్పై నాలుగేళ్ళు కీమ్యాన్ పని చేసి రోజూ డైరీ రాసిన చెయ్యి నాది. నోటితో చెప్పలేనిది కాగితం మీద చెప్పగలను.

సంగతి నా కళ్ళది. పోయిన నెల సబియా నన్ను హన్మకొండ తీసుకుపోయి పెద్ద డాక్టరుకు చూపించింది. కంటి నరం ఎండిపోతోందట. చూపు పక్కల నుంచి పోవడం మొదలై నడుమకు వస్తుందట. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో కొన్నాళ్ళు ఆపుతామన్నారు. ఎన్నాళ్ళని అడిగితే డాక్టరు నన్ను వదిలేసి సబియాను చూస్తూ, "వానాకాలం దాటనియ్యి పెద్దాయనా, అప్పుడు చూద్దాం" అన్నాడు. డాక్టర్లు పక్కవాళ్ళ ముఖం చూసి మాట్లాడితే దానికి అర్థమేమిటో నాకు మా ఇంటామె పర్వీన్ జబ్బులోనే తెలిసింది. ఇప్పటికైతే బాగానే కనిపిస్తోంది. పక్కలు జర మసక, అంతే. ఫికర్ పడకు.

మీరు రెండేళ్ళుగా ఉంటున్న మా మడికొండ ఇంటి పెరట్లో, గడ్డి కింద ఒక రైలు లైను ఉంది. తాళాలు ఇచ్చిన రోజు పండరికి చెప్పాను. పాములుంటాయని అటు పోనన్నాడు. పట్టాల మధ్య జానెడు వెడల్పు, చుట్టుకొలత నూటయాభై అడుగులు. పెరటి గదిలో గోనెపట్టా కప్పి ఉన్నది దాని బండి. బ్యాటరీతో నడిచే ఇంజిను, మూడు డబ్బాలు. కట్టడానికి పదకొండేళ్ళు పట్టింది. పర్వీన్ వంటింటి కిటికీ దగ్గర చివరి డబ్బా మీద టీ గ్లాసు పెట్టి పంపేది. నేను జామచెట్టు కింద కూర్చొని అందుకునేవాణ్ణి. సగం ఒలికిపోయేది, మిగిలిన సగం కోసం నేను పంచాయితీ పెట్టేవాణ్ణి. ఆమె చనిపోయిన వారం బండిని గదిలో పెట్టి తాళం వేశాను. మూడేళ్ళయింది.

ఆ బండి ఒక్క చుట్టు తిరగడం నా కళ్ళతో చూడాలి చెల్లె. వానాకాలం దాటకముందే చూడాలి. మగ్గం మీద పని ఉన్నదానివి, నీకు ఇది చెప్పడం న్యాయం కాదు. కానీ పండరికి చెబితే మళ్ళీ పాములంటాడు.

నీ అన్న
అబ్బాస్

---

మడికొండ
ఫిబ్రవరి 21

అబ్బాస్ అన్నకు సరోజన నమస్తే.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. మీ రైలు వంతెన మీద నేను రెండేళ్ళుగా రంగు అద్దిన నూలు ఆరేసుకుంటున్నాను. బట్టల బండ నుంచి నీళ్ళుపోయే కాలువ మీద ఇనుప కమ్మీలు కనబడితే, పర్వీనక్క బట్టలారేయడానికి పెట్టించుకుందేమో అనుకున్నాను. ఒక పక్కంతా ఎరుపు, ఇంకో పక్క ఆకుపచ్చ అంటుకొని ఉంది. గీకితే పోవడం లేదు. మీరు వచ్చి చూసి తిట్టండి.

మీ ఉత్తరం వచ్చిన మర్నాడే కొడవలి పట్టాను. పండరి గడప మీదే కూర్చొని, "ఇగ జంపఖానాలు ఇడిసిపెట్టి రైలు నేస్తవా?" అన్నాడు. నాలుగో రోజుకు ఆయనే పలుగు పట్టుకొని వెనకాల వచ్చాడు. పాము ఒక్కటీ కనబడలేదు. తేలు ఒకటి కనబడితే ఆ రోజుకు ఆయన డ్యూటీ అయిపోయింది.

అన్నా, నేను పిల్లలాట అనుకున్నాను. నిజం చెబుతున్నాను, సర్కసు బొమ్మలాంటిదేదో ఉంటుందనుకున్నాను. గడ్డి కోసేకొద్దీ లైను బయటపడుతూ ఉంటే నా చేతులు నెమ్మదించాయి. వంటింటి గోడ దగ్గర మొదలై సీతాఫలం చుట్టూ తిరిగి, కాలువ మీద వంతెన దాటి, సిమెంటు గొట్టంలో దూరి బయటికొచ్చి, ప్రహరీ వెంట నలభై అడుగులు చీర అంచులాగా సాగిపోయి, మూలమీద మళ్ళీ ఇంటివైపు మళ్ళింది. కింద నలగ్గొట్టిన కంకర, ఒక్క రాయి గోరు కంటే పెద్దది లేదు. ప్రతి కర్రముక్క మీద రేకుబిళ్ళ, దాని మీద అంకె. ఒకటి నుంచి మొదలుపెట్టి లెక్కపెట్టుకుంటూ పోయాను. మూడు వందలు. ఒక్కటి తప్పలేదు, ఒక్క అంకె తలకిందులుగా లేదు. నేను ముప్పై ఏళ్ళుగా కొత్తవాడ మగ్గాల మీద నేసినదాన్ని, పని ఏదో పనితనమేదో చూడగానే తెలుస్తుంది. నూటయాభయ్యో అంకె దగ్గర నేల మీద కూర్చుండిపోయాను. ఇంత పని గోడవతల జరుగుతుంటే పర్వీనక్కకు జంపఖానా ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా వాకిట్లో నిలబడి ధర చెప్పి వెళ్ళిపోయాను కదా అని నా మీద నాకే కోపం వచ్చింది.

కుళ్ళిన కర్రముక్కలు పదిహేడు. మా పాత మగ్గం పలక టేకుది, అటకమీద ఉంది. దాన్ని కోయించి పెడతాను. అంకెల బిళ్ళలు మాత్రం మీవే కొడతాను. ఇంకొక మరమ్మతు కూడా మొదలుపెట్టాను. అది చెప్పను, వచ్చినప్పుడు మీరే చూసి మెచ్చుకోవాలి.

మీ చెల్లె
సరోజన

---

ఏటూరునాగారం
మార్చి 14

చెల్లెకు,

రోజా ఉన్నాను, నీ ఉత్తరం చదివితే ఆకలి గుర్తుకురాలేదు. వంతెనకు రంగు అంటుకుంటే అంటుకోనీ. రైల్వేవాళ్ళు కూడా వంతెనలకు రంగులేస్తారు, నూలుతో వేయరు, అంతే తేడా.

ఆ కర్రముక్కల పుట్టుపూర్వం చెబుతాను. మా బీటులో, అంటే నాకు అప్పగించిన లైను ముక్కలో, పట్టాల కింది కర్ర స్లీపర్లు తీసేసి సిమెంటువి వేసినప్పుడు నాలుగింటిని వేలంలో కొన్నాను. యాభై ఏళ్ళు రాత్రింబగళ్ళు బండ్లు మోసిన కర్ర అది. రంపం పెడితే లోపల నిన్న కొట్టిన చెట్టులా ఎర్రగా ఉంది. యాకయ్య, నేను కాజీపేటలో ఒక చెట్టు కింద కూర్చొని దాన్ని తిప్పి తిప్పి చూశాం. యాకయ్య తెలుసు కదా, ఇంజిన్ల షెడ్డులో ఫిట్టరు చేసి రిటైరైనవాడు. బండి కట్టింది అతనే. మోటారు కదలకపోతే అతన్ని పిలువు, నా పేరు చెప్పు.

ఇక నీ పని. కీ అంటే పట్టాను స్లీపరుకు బిగించి పట్టే ఇనుపముక్క. కీమ్యాన్ అంటే రోజూ తన బీటంతా నడిచి వాటిని చూసుకునేవాడు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు చిన్న సుత్తి తీసుకొని ప్రతి కీ మీద ఒక్క దెబ్బ వెయ్యి. గట్టిగా ఉన్నది ఖంగుమంటుంది. వదులైనది మూతబడ్డ గొంతుతో పలుకుతుంది. మొదటి రోజు నీకు తేడా తెలియదు. పదో రోజుకు తెలుస్తుంది. నెల తిరిగేసరికి వదులైన కీ ఎక్కడుందో నాలుగు అడుగుల ముందే తెలుస్తుంది, ఎలా తెలిసిందో మాత్రం చెప్పలేవు. నాకూ ఇప్పటికీ తెలియదు.

ఆ చెప్పని మరమ్మతేమిటో చెప్పు. రైల్వేలో ఆశ్చర్యాలు మంచివి కావు.

అబ్బాస్

---

మడికొండ
ఏప్రిల్ 3

అన్నకు, సబియాకు పండుగ శుభాకాంక్షలు. సేమ్యా పాయసం ఎవరు పంపుతారా అని పండరి రెండు రోజులు గేటు వైపు చూశాడు. పర్వీనక్క ఉన్నప్పుడు కొత్తవాడకు టిఫిను వచ్చేదని ఇప్పటికీ తలుచుకుంటాడు.

యాకయ్యన్న వచ్చాడు. బండి మీది గోనెపట్టా తీసి, ఇంజిను వీపు మీద చెయ్యి వేసి, గొడ్డును నిమిరినట్టు నిమిరాడు. మూడు రోజులు మోటారు విప్పి నూనెలో నానబెట్టాడు. పట్టాల సంగతి కూడా చూడమంటే, "అది అబ్బాసు డిపార్టుమెంటమ్మా, నేను ఏలు పెట్ట. పెడితే ఏటూరునాగారం నుంచే నన్ను తిడుతడు" అన్నాడు. మీ ఇద్దరి మధ్య ఆ గీత ఇంకా ఉందన్నమాట.

నిన్న సాయంత్రం బండిని లైను మీద పెట్టాం. వంటింటి గోడ నుంచి సీతాఫలం దాకా పోయి ఆగిపోయింది, బ్యాటరీ పాతది. ఇరవై అడుగులు పోయి ఉంటుంది. ఇనుము, కర్ర, కంకర, అంతా నేను చేత్తో పట్టుకొని చూసినవే. ఎక్కడా ప్రాణం లేదు వాటిలో. మరి అవన్నీ కలిసి కదిలేసరికి చూడటానికి నా ఒళ్ళంతా కళ్ళయినట్టనిపించింది. పండరి వంగి బండిని మళ్ళీ వంటింటి గోడ దగ్గరికి నెట్టాడు.

సుత్తి దెబ్బల పాఠం పదకొండో రోజుకు వచ్చింది.

ఈ ఉత్తరంతో ఒక అట్ట పంపుతున్నాను. నడుమ కిటికీలా కోసి, వేలెడు దూరానికి ఒకటి చొప్పున పడుగు దారాలు బిగించాను. కింద కాగితం పెట్టి, దారానికి దారానికి మధ్య రాసుకుంటూ పోవచ్చు. చేతి వేలికి దారం తగులుతుంది. ఊరికే చేశాను.

సరోజన

---

ఏటూరునాగారం
ఏప్రిల్ 19

సరోజనకు,

అట్ట అందింది. నేను అడగలేదు. నా రాతకు ఏం రోగమొచ్చిందని పంపావో తెలియదు. సబియా నీకు ఏమైనా చెప్పిందా?

పొద్దున ఇంతవరకు రాసి ఆపాను. మధ్యాహ్నం నేను నీకు రాసిన రెండు ఉత్తరాల తీరు తలుచుకున్నాను. సబియా చెప్పి ఉండదు, ఆమెకే తెలియదు. పేక ఒక్కపోగు వంకరపోతే పట్టుకునే కళ్ళు నీవి, నా వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే నీకు ఒకరు చెప్పాలా.

జర మసక అని రాశాను. అది అబద్ధం. చెయ్యి చాచి టీ సాసరు పట్టుకుంటే ఎంత ఉంటుందో, నాకు మిగిలిన లోకం అంత. ఆ సాసరులో ఉన్నది ఇప్పటికీ నిక్కచ్చిగా కనబడుతుంది. దాని చుట్టూ ఏమీ లేదు. గదిలో అడుగులు లెక్కపెట్టుకొని తిరుగుతున్నాను, సబియాకు తెలియకుండా. మొన్న నా ముందు నుంచి ఒక సైకిలు అడ్డంగా పోయింది. గంట వినిపించింది. సైకిలు కనబడలేదు.

కాబట్టి ఆపెయ్ చెల్లె. బండి తిరిగినా అది నా ముందు నుంచి ఆ సైకిలు లాగే పోతుంది. నువ్వు పడ్డ కష్టం నేను మరచిపోను.

అబ్బాస్

---

మడికొండ
మే 18

అన్నకు,

మీ ఉత్తరం వచ్చి నెలవుతోంది. ఆపమన్నారు, నేను ఆపలేదు. ఏం జవాబు రాయాలో తెలియక సుత్తి పట్టుకొని రోజూ పొద్దున బీటు తిరిగాను. ఇప్పుడు రాయక తప్పని సంగతి జరిగింది.

ఫిబ్రవరిలో నేను చెప్పనన్న మరమ్మతు గుర్తుందా? పట్టా ముక్క అయిపోయి ఇంకో ముక్క మొదలయ్యే ప్రతిచోటా సందు ఉంది. రూపాయి బిళ్ళ దూరేంత. ఒకటి కాదు, అన్ని అతుకుల దగ్గరా అంతే. ఇంత పనిమంతుడు ఇన్ని సందులెలా వదిలాడని బాధపడ్డాను. మూడేళ్ళలో ఇనుము జరిగి ఉంటుందనుకున్నాను. మా పనిలో సందంటే తప్పు అన్నా. పేకపోగు వేసి పంజాతో దిగ్గొట్టేది అందుకే. వెలుతురు కనబడే జంపఖానాను మా మామ నా ముఖాన కొట్టాడు ఒకప్పుడు. అందుకని పట్టాలన్నీ ఒకదానికొకటి ఆనేలా జరుపుకుంటూ వచ్చాను. చుట్టంతా జరిపితే చివర మూడు వేళ్ళంత ఖాళీ మిగిలింది. అక్కడ వెల్డింగు షాపులో ముక్క కోయించి బిగించాను. చేత్తో తడిమితే అతుకు తెలియలేదు. మీరు వచ్చి తడిమి చూసి, భేష్ అంటారనుకున్నాను.

నిన్న మధ్యాహ్నం రెండింటికి మగ్గం మీద ఉన్నాను. బయట నలభై ఐదు డిగ్రీల ఎండ. పెరట్లో ఠప్పుమని చప్పుడైంది, దాని వెనకే కంకర జల్లుగా రాలిన చప్పుడు. వెళ్ళి చూస్తే ప్రహరీ వెంట ఉన్న నలభై అడుగుల లైను నడుమ జానెడు పక్కకు తన్నుకొని గోడకు ఆనుకొని ఉంది. ఎవరూ లేరు. ఎవరూ ముట్టుకోలేదు. నలుగురు మగవాళ్ళు పలుగులు వేసినా అంత వంచలేరు. స్లీపర్లు నూటఎనభై నుంచి రెండు వందల రెండు దాకా నేలలోంచి లేచిపోయాయి, ఎనిమిది విరిగాయి. చూస్తుండగానే ఇంకొంచెం కదిలింది అన్నా. నేను అరుగు మీదికి ఎక్కాను భయపడి. ఎండకు ఇంత బలముంటుందని యాభై నాలుగేళ్ళు ఎండలోనే బతికి నాకు తెలియదు.

మీరు పదకొండేళ్ళు కట్టినదాన్ని నేను మూడు నెలల్లో విరగ్గొట్టాను. తిట్టండి.

సరోజన

---

ఏటూరునాగారం
మే 29

చెల్లె,

నీ అట్ట మీద రాస్తున్నాను. వరసలు ఎలా వస్తున్నాయో నువ్వే చెప్పాలి.

నిజంగానే తిట్టాను. నీ ఉత్తరం చదివిన చోటే నిలబడి, గట్టిగా, ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి తిట్టాను. రెండు రోజులు నీ మీద కోపంతో అన్నం సరిగా తినలేదు. నా బీటులో గ్యాంగువాడు ఎవడైనా ఆ పని చేస్తే ఆ పూటే ఇంటికి పంపేవాణ్ణి. మూడో రోజు ఒక సంగతి తట్టింది. సందు ఎందుకో నేను నీకు చెప్పానా? సుత్తి దెబ్బ నేర్పాను, కర్ర కథ చెప్పాను. అసలైనది చెప్పలేదు. నాకు అది ఊపిరి తీసినంత మామూలు, లోకంలో ఎవరికైనా తెలిసే ఉంటుందనుకున్నాను. కాబట్టి తప్పు చెరి సగం.

వినుకో. ఇనుము ఎండలో పెరుగుతుంది, చలిలో తగ్గుతుంది. ఏ మొనగాడూ దాన్ని ఆపలేడు. పెరగడానికి చోటు ఇస్తే నోరు మూసుకొని పెరుగుతుంది. ఇవ్వకపోతే అదే తీసుకుంటుంది. నేను డ్యూటీలో చేరిన నాలుగో ఏడు, మే నెలలో, మా బీటులో పెద్ద లైను అలాగే తన్నుకోవడం చూశాను. మనిషి కంటే బరువైన పట్టా, కళ్ళముందు, పాములాగా మెలిక తిరిగింది. ఎర్రజెండా పట్టుకొని కంకర మీద చెప్పులు తెగేదాకా ఉరికాను. బండి ఆగింది. డ్రైవరు దిగివచ్చి చూసి, నా భుజం పట్టుకొని అలాగే నిలబడ్డాడు. ఆ రోజు నుంచి ఎండంటే నాకు దేవుడి పనుల్లో ఒకటి, దానితో వాదించను.

ఇప్పుడు చేయవలసింది. ఆ మూడు వేళ్ళ ముక్క తీసి అవతల పారెయ్. అది ముక్క కాదు, నేను ఎండకు వదిలిన చోటంతా ఒక్క దగ్గర పోగైంది. వంగిన పట్టాలను యాకయ్యతో సాపు చేయించు. డిపార్టుమెంటు మాట ఎత్తితే నేను చెప్పానని చెప్పు. తెల్లవారే చల్లదనంలో మొదటి నుంచి పట్టాలు జరుపుకుంటూ రా. ప్రతి అతుకు దగ్గర రూపాయి బిళ్ళ నిలబెట్టి, దానికి ఆనేలా బిగించి, బిళ్ళ తీసెయ్. మధ్యాహ్నం వెళ్ళి చూస్తే సందు మూసుకొని ఉంటుంది, సాయంత్రానికి మళ్ళీ తెరుచుకుంటుంది. నమ్మకపోతే కూర్చొని చూడు.

పని మాత్రం నీ కోసం చెయ్యి, నా కోసం వద్దు. నా చూపు సంగతి నీకు చెప్పాను.

అబ్బాస్

---

మడికొండ
ఆగస్టు 6

అబ్బాస్ అన్నకు,

వరసలు చక్కగా వస్తున్నాయి. చివరి పుటలో ఒక్కచోట పోగు తప్పింది, అంతే.

లైను అయిపోయింది. పొద్దున బిళ్ళ పెట్టి బిగించి, మధ్యాహ్నం గొడుగు పట్టుకొని కూర్చొని చూశాను. మీరన్నట్టే సందు మూసుకుంది. మూసుకోవడం కంటికి కనబడదు. చూస్తూనే ఉంటాం, ఉన్నట్టుండి లేదు. పొద్దు వాలాక మళ్ళీ వచ్చింది. మూడు రోజులు అదే పనిగా చూశాను. మగ్గం ఆగిపోయిందని పండరి గొణిగి, నాలుగో రోజు తనూ కుర్చీ తెచ్చుకున్నాడు. వానలకు సీతాఫలం దగ్గర కంకర కొట్టుకుపోతే ఇద్దరం గంపలతో మోసి పోశాం. బండి ఇప్పుడు నూటయాభై అడుగులూ తిరుగుతోంది. పట్టాలు ఆనించినప్పుడు చప్పుడు లేకుండా పోయేది. ఇప్పుడు ప్రతి అతుకు దగ్గరా టకటకమంటుంది. రైలంటే ఇదీ అనిపించింది.

ఇక అసలు సంగతి. మీరు రాసిన సాసరు మాట నన్ను నిద్రపోనివ్వలేదు. నూలు చుట్టివచ్చే అట్ట గొట్టం ఒకటి తీసుకొని, ఒక కన్ను మూసి, ఇంకో కంటికి పెట్టుకొని చూశాను. పండరిని బండి నడపమన్నాను. నిజమే అన్నా. జామచెట్టు కింద కూర్చుంటే ఏదో మెరిసి పోయింది, అది బండో పిల్లో తెలియలేదు. గొట్టాన్ని తిప్పి వెంబడిస్తే తప్పిపోతోంది. వంటింటి కిటికీ దగ్గర అంతే. వంతెన దగ్గర అంతే. మీరు మానేయమన్నది ఎందుకో అప్పుడు తెలిసి, అరుగు మీద కూర్చొని కాసేపు ఏడ్చాను కూడా.

మర్నాడు మళ్ళీ పట్టుకున్నాను. పెరడంతా తిరిగాను, నిలబడి, కూర్చొని, వంగి. పక్కింటి సుగుణ మేడ మీద నుంచి చూసి, "సరోజనక్కకు ఏమైంది?" అని పండరిని అడిగింది. ఆయన, "సర్వే చేస్తాంది" అన్నాడు.

చివరికి ఒక్క చోటు దొరికింది. ప్రహరీ వెంట నలభై అడుగులు తిన్నగా వచ్చి లైను ఇంటివైపు మళ్ళే మూల ఉంది కదా, ఆ మలుపుకు సరిగ్గా ఎదురుగా, గోడ మొదట్లో. అక్కడ నేల మీద బోర్లా పడుకొని గొట్టం పెట్టుకుంటే, అవతలి చివర బండి కనబడిన దగ్గర నుంచి ముక్కు దగ్గరికొచ్చి మళ్ళేదాకా గొట్టంలోనే ఉంటుంది. అటు పోదు, ఇటు పోదు. పక్కలకు కదలని చోటు అదొక్కటే. కాకపోతే ఆ నలభై అడుగులు వెంట్రుకవాసి కూడా వంకర ఉండకూడదు. మగ్గానికి పడుగు తీసినట్టు దారం లాగి, వారం రోజులు సరిచేశాను. ఇప్పుడు దారానికీ పట్టాకూ తేడా లేదు. సందులు మాత్రం ముట్టుకోలేదు, ఒట్టు.

అక్కడ ఒక జంపఖానా పరిచాను. వానలు పూర్తిగా పోయేదాకా ఆగవద్దు. సబియాకు మీరు చెప్పకపోతే నేను దవాఖాన మెట్ల మీదికి ఫోన్ చేసి చెబుతాను.

సరోజన

---

ఏటూరునాగారం
సెప్టెంబరు 5

చెల్లె సరోజనకు,

నిన్న మీ ఇంటి నుంచి వచ్చాను. బస్సులో వస్తుంటే లోపల ఉన్నది ఎక్కడ కారిపోతుందోనని భయపడ్డాను. ఇప్పుడు అట్ట పెట్టుకొని, ఒక్కో దారం మీద వేలు ఆనించుకుంటూ రాస్తున్నాను. నా చూపు సంగతి సబియాకు ఎప్పుడో తెలుసట. నేను అడుగులు లెక్కపెట్టుకుంటున్నానని తెలిసి, ఆరు నెలలుగా గదిలో కుర్చీ కూడా జరపలేదట. మేమిద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం ఒకే పని చేశాం.

మొదట లైను చూడాలని మోకాళ్ళ మీద చుట్టంతా పాకాను కదా. నీకు మొహమాటం లేకుండా చెబుతున్నాను, తప్పు పట్టాలనే పాకాను. సుత్తి వేసుకుంటూ పోయాను. మూడు వందల స్లీపర్లకు ఆరు వందల కీలు. రెండు వందల పన్నెండో నంబరు దగ్గర ఒక్కటి మూతబడ్డ గొంతుతో పలికింది. మిగతావన్నీ ఖంగుమన్నాయి. సందుల్లో గోరు పెట్టి చూశాను. ఒక అతుకుకూ ఇంకో అతుకుకూ తేడా లేదు. నేను పని నేర్పిన గ్యాంగుల్లో ఇలాంటి బీటు ఒక్కటి అప్పగించినవాడు లేడు. ఆ మాట అక్కడే అనాల్సింది. ఇప్పుడు అంటున్నాను.

తర్వాత నువ్వు చెయ్యి పట్టుకొని జంపఖానా మీద పడుకోబెట్టావు. ఈ వయసులో బోర్లా పడుకోవడమేమిటని సిగ్గేసింది. అవతల యాకయ్య, "ఇడుస్తాన్న రోయ్" అని కేకేశాడు.

చెల్లె, నా కొలువంతా పట్టాల మీదే గడిచింది, వేల బండ్లు చూశాను. కానీ ఎదుటినుంచి వచ్చే బండిని మా వాళ్ళెవరూ చూడరు. బండి వస్తోందంటే కీమ్యాన్ చేసే మొదటి పని లైను దిగి పక్కకు తప్పుకోవడం. బండి మన పక్క నుంచి పోవాలి. ఎదురుగా చూసినవాడు చెప్పడానికి మిగలడు. ఎర్రజెండా పట్టిన నాడు కూడా లైను పక్క నుంచే ఊపాను. కాబట్టి బండి ముఖం పూర్తిగా నేను ఎన్నడూ చూడలేదు. నువ్వు నాకు చూపిస్తున్నది అదని, పడుకున్నాక గానీ తెలియలేదు.

గోడ చివర చుక్కలా కనబడింది. నా సాసరు నడుమన, బియ్యపుగింజంత. ఇంజిను, వెనక డబ్బాలు, కింద రెండు పట్టాలు, పైన గోడ, గోడ మీద ఎండ, అంతా ఆ సాసరులో పట్టాయి. ఇన్నాళ్ళుగా నాకు ఏదీ మొత్తంగా కనబడలేదు. మనిషి ముఖం చూస్తే చేతులుండవు, కంచం చూస్తే గ్లాసు ఉండదు. అక్కడ ఒక బండి మొత్తం ఉంది. అది కదులుతోంది, కదులుతూ కూడా నన్ను తప్పించుకొని పోవడం లేదు. నా వైపే వస్తోంది. టకటకమని వస్తోంది, నేల నుంచి నా రొమ్ముకు తెలుస్తోంది.

దగ్గరికొచ్చేకొద్దీ పెద్దదైంది. ముందు గోడ పోయింది, తర్వాత పట్టాలు పోయాయి, ఇంజిను ముఖం ఒక్కటే మిగిలింది. ఆ ముఖం సాసరు అంచులదాకా నిండింది. అప్పుడు జరిగింది నీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. సంవత్సరంగా నేను ఏం చూసినా దాని చుట్టూ ఆ లేనితనం ఉంటుంది. ఆ ఒక్క క్షణం అది లేదు. చూడవలసినంతా ఇంజినే, ఇంజినంతా కనబడుతోంది, ఇక కనబడకుండా మిగిలింది ఏమీ లేదు. పదేళ్ళ కింద నాకున్న చూపుకూ దానికీ తేడా లేదు.

ఒళ్ళు అలవాటుగా పక్కకు తప్పుకోబోయింది. మోచేతులు నేలకు ఆనించి గట్టిగా పట్టుకున్నాను, తప్పుకోలేదు. జానెడు దూరంలో మళ్ళి వెళ్ళిపోయింది. దాని గాలి నా ముఖానికి తగిలింది.

ఒక్క చుట్టు అడిగాను. పంతొమ్మిది చుట్లు తిప్పించారు. సబియా అన్నానికి పిలిస్తే నేను లేవలేదని, చివరి చుట్టుకు తనూ వచ్చి నా పక్కన పడుకుందని నీకు తెలుసు. పడుకొని చూసి, "అబ్బా, గింత పెద్దగున్నదా" అంది.

డాక్టరు చెప్పింది రానున్న నెలల్లో వస్తుంది. రానీ. నేను చూశాను చెల్లె.

నీ అన్న
అబ్బాస్